రంగుబుడగల యాట



ఈ దినమున నేను ప్రసంగింపబూనిన విషయమును వినగానే మీలో కొందఱికి నవ్వు రావచ్చును. ఇండ్లలో కంప్యూటరు తెరపై పిల్లలాడుకొను రంగుబుడగల యాటను గూర్చి, జీవితమంతయు వ్యాకరణమును, ప్రబంధములను బోధించి విశ్రమించిన పంతులు మాటలాడనేల యని మీరడుగవచ్చును. దానికి నా సమాధానము స్వల్పము. రాజుల యుద్ధములు శాసనములకెక్కినవి, దానములు తామ్రపత్రములకెక్కినవి. ప్రజలు పగటి పని ముగించి అరుగుమీద కూర్చుండి యెట్లు ప్రొద్దుపుచ్చిరో తెలియవలెనన్నచో వారి యాటలను పరిశీలింపవలెను. కీర్తిశేషులు సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రమున రాజవంశావళులను ప్రక్కకు నెట్టి, జనుల తిండికి, బట్టకు, నమ్మకములకు, ఆటపాటలకు పెద్దపీట వేసిరి. ఆ మహనీయుడు చూపిన త్రోవలో నేనును రెండడుగులు వేయదలచితిని.

క్రీడ మన పెద్దలకు చిన్న విషయము కాదు. కల్యాణి చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. మన తెలంగాణమున చాల భాగము నాడు ఆ చాళుక్యుల యేలుబడిలోనిదే. ఆ గ్రంథము ఐదు వింశతులుగా, అనగా ఇరువదేసి యధ్యాయముల భాగములుగా విభక్తమైనది. రాజ్యమును సంపాదించుట యొక భాగము, దానిని స్థిరపఱచుకొనుట యొక భాగము. క్రీడలకును ప్రత్యేకముగా ఒక భాగము గలదు. రాజ్యతంత్రముతోబాటు ఆటను గూడ ఒకే గ్రంథమున కూర్చుండబెట్టిన బుద్ధి మన పూర్వులది.

ఆటకు రెండవ ముఖమున్నదనియు వారెఱుగుదురు. ఋగ్వేదము పదవ మండలమున 34వ సూక్తము అక్షసూక్తము. తానికాయలతో జూదమాడి, ఆలిని, ఇంటిని పోగొట్టుకొన్న జూదరి పడు దుఃఖమే దాని విషయము. భారత కథలోని జూదము సంగతి మీకు నేను చెప్పవలసిన పనిలేదు. ఆట వినోదమగుటయు కలదు, వ్యసనమగుటయు కలదు. ఈ రెండు ముఖములను మనసునందుంచుకొని ముందునకు సాగుదము.

మన పల్లెలలోని యాటలను ఒకమాఱు తలచుకొనుడు. రెండు వరుసలలో ఏడేసి గుంటలు గల వామనగుంటలు, దానికి చింతగింజలు. ఐదేసి గడుల పటముపై గవ్వలతో నాడు అష్టాచెమ్మ. పులిజూదము, దాడి, పచ్చీసు, పిల్లల గోలీలు. వీనికి కావలసిన సామగ్రి బొగ్గుముక్క, గింజలు, గవ్వలు, రాళ్లు. హంపీలోని రాతినేలలపై ఆటల పటములు చెక్కియుండుట నేటికిని చూడవచ్చును. చెక్కినవాని పేరు మనకు తెలియదు. అతడు ఆడిన పటము మాత్రము మిగిలియున్నది.

ఈ యాటలు మన దేశమునందే నిలిచిపోలేదు. పచ్చీసు 19వ శతాబ్దపు చివరిభాగమున ఇంగ్లండులో లూడో యను పేర వెలసెను. మన వైకుంఠపాళి, లేక పరమపదసోపాన పటము, అక్కడికి పోయి పాములు నిచ్చెనల యాటయై, క్రమముగా తనలోని పుణ్యపాపముల పేళ్లను విడిచి పిల్లల యాటగా తేలికపడెను. ఆటలు ఓడలెక్కి పడమటికి పోయినట్లే, మన కాలమున ఒక యాట తూర్పునుండి, జపాను దేశమునుండి, మన యిండ్లకు వచ్చినది. అదియే ఈ బుడగల యాట.

దాని వంశావళి యిట్టిది. టోక్యో నగరమున 1953లో టైటో అను సంస్థ ఏర్పడెను. దాని స్థాపకుడు మైకేల్ కోగన్ రష్యా సామ్రాజ్యమున పుట్టి జపానులో స్థిరపడిన వర్తకుడు. ఆ సంస్థలోని తొమోహిరో నిషికాడో అను శిల్పి 1978లో స్పేస్ ఇన్వేడర్స్ అను యంత్రక్రీడను నిర్మించెను. పైనుండి దిగివచ్చు శత్రువులను క్రిందినుండి కాల్చుట అందలి పని. 1986లో అదే సంస్థలో ఫుకియో మిత్సుజి అను నాతడు బబుల్ బాబుల్ అను నాటను కల్పించెను. అందు రెండు పసి డ్రాగనులు నోటితో బుడగలనూదును. ఆ రెండు బొమ్మలనే తీసికొని 1994లో టైటోవారు పజిల్ బాబుల్ అను క్రొత్త యాటను వెలువరించిరి. పైకప్పునుండి వ్రేలాడు రంగుబుడగలను క్రిందినుండి అదే రంగు బుడగతో కొట్టి పగులగొట్టుట దాని సారము. నేడు మన పిల్లలాడు బుడగల యాటలకెల్ల ఇదియే తల్లివేరు.

మొదట ఇది నాణెము వేసి ఆడు పెద్ద పెట్టెలలో నుండెడిది. ఇంటి కంప్యూటరునకు ఇట్టి యాట వచ్చుటలో ఇతరుల చేతులును గలవు. అమెరికాలో డేవ్ డాబ్సన్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1996లో స్నూడ్ అను నాటను వ్రాసెను. పిదప ఫ్రోజెన్ బబుల్ అను నాటను, మూలమును ఎల్లరకు బహిరంగముగా నుంచి, ఉచితముగా పంచిరి. 2000 దాటిన తొలి యేండ్లలో అబ్సొల్యూటిస్ట్ అను సంస్థ బబుల్ షూటర్ పేర చేసిన యాట ఇంటర్నెట్టు ద్వారమున లోకమెల్ల వ్యాపించెను. కొనవలసిన పని లేదు; తెఱచిన ఆట సిద్ధము.

ఇక మన ప్రాంతమునకు కంప్యూటరు ఎట్లు వచ్చెనో చెప్పెదను. హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను, మనము ఈసీఐఎల్ అని పిలుచుకొను సంస్థ, స్థాపితమైనది. టీడీసీ 12 అను కంప్యూటరును 1969లో వెలువరించిన ఘనత దానిది. కాని అవి ప్రయోగశాలలకును, కార్యాలయములకును ఉద్దేశింపబడిన యంత్రములు. 1984 నవంబరులో రాజీవుగాంధీ ప్రభుత్వము క్రొత్త కంప్యూటరు విధానమును ప్రకటించి దిగుమతుల కట్టుబాట్లను సడలించెను. 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టు సామాన్యజనులకు లభ్యమయ్యెను. 1998లో మాదాపురమున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది. ఆ తరువాతి దశాబ్దమున నగరపు మధ్యతరగతి గృహములలో, పెట్టెవంటి తెర, మీటల పలక, మౌసు అనబడు చేతి యమరిక గల కంప్యూటరు ఒక మూల బల్లపై వెలసెను. పైన దుమ్ము పడకుండ గుడ్డ కప్పెడివారు. పిల్లవాని చదువునకని కొనుట, వాడు మొదట ఆట నేర్చుట, ఇంటింటను జరిగిన కథయే.

శంషాబాదు నగరమునకు దక్షిణమున, బెంగుళూరు పోవు రహదారిపై నున్న యూరు. దాని రైలు స్టేషనుకు ఉందానగర్ అని పేరు. సమీపమున నర్కుడ గ్రామము చెంత అమ్మపల్లి సీతారామచంద్రస్వామి దేవాలయమును, దాని కోనేరును మీలో పెక్కురు చూచియుందురు. సుమారు 5,500 ఎకరముల భూమిపై ఇచట క్రొత్త విమానాశ్రయము నిర్మింపబడెను. 2005లో శంకుస్థాపన జరిగెను. 2008 మార్చి 23న విమానముల రాకపోకలు మొదలై, బేగంపేట విమానాశ్రయమునుండి ప్రయాణికుల విమానములు నిలిచిపోయెను. కంప్యూటరు విధానమును ప్రకటించిన రాజీవుగాంధీ పేరే ఈ విమానాశ్రయమునకును పెట్టబడినది. అదే యేట గచ్చిబౌలినుండి శంషాబాదు వఱకు వలయ రహదారి తెఱచిరి; మఱుసటి యేట మెహిదీపట్నమునుండి ఆరాంఘరు వఱకు 11 కిలోమీటర్లకు పైబడిన ఎత్తైన వంతెన మార్గము పూర్తియయ్యెను. జొన్న, కూరగాయలు పండిన పొలములు నాలుగైదు సంవత్సరములలో విమానముల బాటగాను, గిడ్డంగులుగాను, ఇండ్ల స్థలములుగాను మాఱిపోయినవి. ఆ ప్రాంతపు పాఠశాలలలోనే నేను నా యుద్యోగకాలమున చాల భాగము గడిపితిని గనుక ఈ మార్పును దినదినము చూచితిని. హాజరు పట్టీలో తండ్రి వృత్తి యను గడిలో వ్యవసాయము అని వ్రాసిన చేతితోనే, కావలి, సరుకుల మోత, కారు నడుపుట అని వ్రాయవలసివచ్చెను.

ఇప్పుడు ఆట యెట్లుండునో వినుడు. తెర పైభాగమున బుడగలు తేనెపట్టులోని గదులవలె వరుసలు దీరియుండును. ఒక వరుసలోని బుడగ క్రింది వరుసలోని రెండు బుడగల సందున కూర్చుండును. కావున నడుమనున్న ప్రతి బుడగకును ఆఱు పొరుగులు. క్రింద నొక విల్లువంటి యమరిక, దానియం దొక బుడగ. ఆడువాడు దిక్కును నిర్ణయించి విడువగా, అది సూటిగా పోయి తగిలినచోట నతుకుకొనును. ఒకే రంగువి మూడు గాని, అంతకు మించి గాని కలిసినచో పగిలిపోవును. వానిని పట్టుకొని వ్రేలాడుచున్న తక్కిన బుడగలు ఆధారము లేక రాలిపోవును. గుఱి తప్పిన కొలది పైనుండి క్రొత్త వరుస దిగును, లేదా పైకప్పే క్రిందికి జరుగును. బుడగలు అడుగు గీతను తాకినచో ఆట ముగిసినట్లే.

ఇందు రెండు విద్యలు దాగియున్నవి. మొదటిది రేఖాగణితము. బుడగ ప్రక్కగోడకు ఏ కోణమున తగులునో ఆ కోణముననే మఱలును. క్యారమ్సు పలకపై స్ట్రైకరును అంచునకు కొట్టి వెనుక నున్న కాయను పడవేయు నేర్పరికి ఈ సూత్రము పుస్తకము చూడకయే తెలియును. భేద మొక్కటే: క్యారమ్సు పలకపై తగులుటతో వేగము తగ్గును, తెరపై బుడగకు అలసట లేదు.

రెండవది యంత్రము చేయు విచారణ. మూడు బుడగలు కలిసినవని దానికెట్లు తెలియును? దానికి మనవలె ఒక్క చూపున గుంపును పోల్చుకొను కన్నులు లేవు. క్రొత్తగా వచ్చిన బుడగనుండి బయలుదేఱి ఆఱు పొరుగులను, నీది నా రంగేనా యని అడుగును. ఔనన్నవాని పొరుగులను మరల నడుగును. ఒకమాఱు అడిగినవానిని మరల నడుగకుండ గుఱుతు పెట్టుకొనును. ఇల్లిల్లు తిరిగి వచ్చిన కబురు మూడు గాని, అంతకు మించి గాని యయ్యెనేని ఆ గుంపును పగులగొట్టును. పిమ్మట పైకప్పునుండి బయలుదేఱి, నన్ను పట్టుకొనియున్న వారెవ్వరు, వారిని పట్టుకొనియున్న వారెవ్వరు అని దిగివచ్చును. ఈ లెక్కకు చిక్కనివి నిరాధారములు, వానిని రాల్చివేయును. ఇదంతయు ఱెప్పపాటులో జరుగును. పొరుగునుండి పొరుగునకు పోయి సంబంధమును తెలిసికొను ఈ పద్ధతి కంప్యూటరు శాస్త్రమున బాలపాఠములలోనిది. మాయ యేమియు లేదు.

రంగును గూర్చియు నొకమాట. కొందఱు పురుషులకు పుట్టుకతోనే ఎఱుపునకు, ఆకుపచ్చకు భేదము స్పష్టముగా తెలియదు. పజిల్ బాబులులో ఒక్కొక్క రంగు బుడగలో ఒక్కొక్క బొమ్మయు నుండెను. రంగు పోల్చలేనివాడు బొమ్మను పోల్చుకొనవచ్చును. మీ యింటి బాలుడు ఎఱుపు, ఆకుపచ్చ బుడగలను మాటిమాటికి తాఱుమాఱు చేయుచున్నచో వాని నజాగ్రత్తయని మందలింపక, కంటివైద్యునకు చూపుడు.

విమానాశ్రయము తెఱచిన రెండుమూడేండ్లకు నేనెఱిగిన యొక కుటుంబమును గూర్చి చెప్పెదను. వారి పేళ్లు అవసరము లేదు. పొలము పోయిన పిదప ఆ గృహస్థు విమానాశ్రయపు సరుకుల విభాగమున రాత్రిపూట పనికి కుదిరెను. పాత మట్టియిల్లు విడిచి, ఊరి చివర గచ్చునేల గల క్రొత్త యింటికి మాఱిరి. కూతురు చదువునకని కంప్యూటరు కొనిరి. పగలు తండ్రి నిద్రించును. తల్లి కుట్టుపనికి పోవును. ఆ పిల్ల బడినుండి వచ్చి, చప్పుడు కాకుండ, బుడగల యాట ముందు కూర్చుండును. ఆమె నాయనమ్మ పాతయింటి వాకిటిలో వామనగుంటలాడుటలో పేరుగన్నది. క్రొత్తయింట గుంటలు లేవు, ఇరుగుపొరుగు లేదు, మనుమరాలికి తీఱిక లేదు. ఒకనాడామె బడికి వచ్చి నాతో, "పంతులూ, భూమి పోయిందంటె పైసలన్న ఇచ్చిండ్రు. ఈ పిల్లను ఆ డబ్బ తీస్కపోతే ఏమిస్తరు?" అనెను.

నాకు వెంటనే మాట తోచలేదు. కొంతసేపటికి, ఆ డబ్బాను దూషించుటకు ముందు పది దినములు పిల్ల ప్రక్కన కూర్చుండి చూడుమని మాత్రమంటిని. ఆమె కూర్చుండెను. అక్షరములు రాని ఆ ముసలిది మూడవ నాటికే ఆటను గ్రహించెను. ఏ గింజ యెక్కడ పడునో గుంటలను చూచి ముందే లెక్కించు అలవాటున్న కన్నులు గదా! "ఎదురుంగ కొట్టకు బిడ్డా, గోడకు కొట్టి తిప్పు. పై కొమ్మను నరికితె కింద కాయలన్ని రాల్తయి" అని ఆమె చెప్పుచుండగా నేను స్వయముగా వింటిని. పిమ్మట ఆ పిల్ల సుద్దముక్కతో గచ్చుపై పదునాలుగు సున్నలు చుట్టి చింతగింజలు తెచ్చినదనియు, అందులో నాయనమ్మ చేత వరుసగా ఓడుచున్నదనియు తెలిసినది. కంప్యూటరు అటులనే యున్నది. పోయినది పిల్లయొక్క ఒంటరితనము.

ఈ యొక్క యింటి కథను సిద్ధాంతముగా మీ నెత్తిన రుద్దను. కాని దానివలన నాకు తోచినదిది: వామనగుంటలకును బుడగల యాటకును ముఖ్యభేదము గింజలలోను, తెరలోను లేదు. వామనగుంటలకు ఎదుట నొక మనిషి యుండవలెను. ఓడినవారు అలిగినచో ఊఱడింపవలెను, గెలిచినవారు గర్వించినచో ఎగతాళికి గుఱియగుదురు, వంటవేళకు ఎవరో యొకరు లేచిపోవుదురు. దానితో ఆట ముగియును. తెరపై నాటకు ఎదుటి మనిషి లేడు. ఒక పటము ముగిసినచో మఱియొకటి సిద్ధము. ముగింపు ఆటలో లేదు గనుక ఇంటిలో నుండవలెను.

వ్యసనమను రెండవ ముఖమును గూర్చి లోకము నేడు మేలుకొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1నుండి అమలుపఱచిన వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనమును చేర్చెను. దాని గుఱుతులు మూడు: ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులకంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నను మానలేకుండుట. ఇవి సాధారణముగా ఒక సంవత్సరము పాటు కనబడి, చదువును, సంసారమును చెడగొట్టినప్పుడే వ్యాధి యందురు. సాయంకాలము అరగంట యాడు పిల్లవానిని రోగియనుట తగదు. అక్షసూక్తమందలి జూదరి దుఃఖమున ఈ మూడు గుఱుతులును కనబడుచున్నవి; పేరు క్రొత్తది, రోగము పాతది.

ధనము చేరినచో సంగతి వేఱు. చేతిఫోనులలో ఈ బుడగల యాటనే రూకల పందెముతో నాడించిన వ్యాపారములును వచ్చినవి. తెలంగాణ ప్రభుత్వము 2017లో తన జూదపు చట్టమును సవరించి ఇంటర్నెట్టుపై ధనపు పందెములను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించునట్లు ధనపు ఆటలను నిషేధించుచు చట్టము చేసెను. కావున మనుమడు బుడగల యాట ఆడుచున్నాడని వినినప్పుడు పెద్దలు మొదట అడుగవలసిన ప్రశ్న యిది: ఇందు పైకమున్నదా, లేదా? లేనిచో అది వినోదము, మితము చాలును. ఉన్నచో అది తానికాయల జూదమే.

ఇంకొక చిత్రమును చెప్పి ముగించెదను. ఇంటర్నెట్టుపై వ్యాపించిన నాటి బుడగల యాటలు పెక్కులు ఫ్లాష్ అను సాధనముపై నిర్మితములు. దానిని నిర్వహించుచుండిన సంస్థ 2020 డిసెంబరు 31తో దానికి సాయము మానుకొనెను. మరల క్రొత్త సాధనమున వ్రాసిన యాటలు బ్రతికినవి. తక్కినవి ఇరువదేండ్లయినను నిండకయే తెరలనుండి మాయమైనవి. వేదాంతులు జీవితమును బుద్బుదముతో పోల్చుదురు. ఇచట బుద్బుదముల యాటయే బుద్బుదప్రాయమయ్యెను. హంపీ రాతిపై చెక్కిన పటము మాత్రము, ఇద్దఱు మనుష్యులు నాలుగు గులకఱాళ్లు తెచ్చి కూర్చున్నచో, నేటికిని ఆడుటకు సిద్ధముగా నున్నది.

గ్రామవృద్ధులారా! తెరపై యాటను మీరు ఆపజాలరు. ఆపవలసిన పనియు లేదు. మీకు తెలిసిన యాటలను మాత్రము మీతోనే పోనీయకుడు. పులిజూదపు గీతలు ఎట్లు గీయవలెనో, వామనగుంటలలో గింజలు ఎట్లు పంచవలెనో, మీ యూరిలో దానిని ఏ పేర పిలిచెడివారో, ఒక నోటుపుస్తకమున వ్రాయించుడు. వ్రాయువారు మీ మనుమలే కావచ్చును. వ్రాయుట కంప్యూటరు మీదనే కావచ్చును. వారు వ్రాయుచుండగా ప్రక్కన నొక పీట వేసికొని కూర్చుండుడు. వారాడు బుడగల యాటను గూడ ఒకమాఱు మీకు నేర్పుమని అడుగుడు.

సెలవు.